బ్రష్షు మీద గాట్లు

రంపపు పొట్టు ఊడ్చే బ్రష్షు పోవడం కూడా ఒక వార్తేనా అని మొగుడు నవ్వాడు గానీ, కోడలు నవ్వలేదు. కర్ర పిడి ఉన్న మామూలు బ్రష్షు అది. దొంగ వచ్చి ఎత్తుకుపోయేంత ముద్దుగా ఏమీ ఉండదు. అలాంటిది మొన్న ఒకటి పోయింది, దాని బదులు తెచ్చిన కొత్తది నిన్న పోయింది. వడ్రంగి షెడ్డంతా వెతికినా కనిపించలేదు. మామగారిని అడిగితే, "పోతే పోయిందిలే, ఇంకోటి తెప్పించు" అన్నారు. వంకరపోయిన మేకుని కూడా సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి అంత తేలిగ్గా అనేసరికి ఆమెకు అనుమానం ఇంకా ముదిరింది.

ఈ కోడలిని ఇంట్లో అందరూ 'ఎందుకమ్మ' అంటారు. పెళ్ళైన కొత్తలో మొగుడు ఆటపట్టించడానికి పెట్టిన పేరు, అదే ఖాయమైపోయింది. ఏ వస్తువు చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి, ఇదిలా ఎందుకుందని అడగందే కింద పెట్టదు. పుట్టింట్లో కుట్టుమిషన్లు బాగుచేసే తండ్రి పక్కన కూర్చుని పెరిగింది, అదీ కారణం. అత్తారింటికి వచ్చాక షెడ్డులో మిషన్ల బాగోగులన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. డ్రిల్ మిషన్‌లో కార్బన్లు మార్చడం, బ్లేడు పళ్ళకు పట్టిన జిగురు గీకడం, వైర్లు ఎక్కడైనా చిట్లాయేమో వేళ్ళతో తడిమి చూసుకోవడం అన్నీ ఆవిడ పనే. ఏది విప్పాలన్నా ముందు ప్లగ్గు పీకుతుంది. పీకి, ఆ ప్లగ్గుని కళ్ళెదురుగా బల్ల మీద పెట్టుకుంటేగాని స్క్రూ మీద చెయ్యి వెయ్యదు.

మామగారు పెద్దమేస్త్రి. షెడ్డు మధ్యలో ఉన్న బల్ల రంపం ఆయన సొత్తు. ఇనప బల్ల, దాని నడిమి చీలికలోంచి పైకి నిలబడ్డ గుండ్రటి పెద్ద బ్లేడు, కింద మోటారు, బెల్టు, పైన బ్లేడుకి మూత. కొడుకుని కూడా దాని దగ్గరికి రానివ్వరు. పలక కోయడం అయ్యాక స్విచ్చి ఆపి, తల కొంచెం వంచి వింటారు. గుర్రుమంటూ తిరిగే బ్లేడు నెమ్మదిగా సద్దుమణుగుతుంది. గుర్రు ఆగిన క్షణాన మూత ఎత్తి, బ్లేడు చుట్టూ పేరుకున్న పొట్టూ ముక్కలూ బ్రష్షుతో ఊడ్చేస్తారు. ఆ సమయంలో ఆయన కళ్ళు కోయబోయే తర్వాతి పలక మీద ఉంటాయి. "మిషన్‌ని చెవితో చూడాలమ్మా. కన్ను మోసం చేస్తుంది" అని ఆమెకు మొదటి రోజే చెప్పారు.

ఆ పాఠానికి ఉదాహరణ కూడా షెడ్డులోనే ఉంది. అది ఆయన సొంత తమ్ముడు. చిన్నమామగారు మొదట్లో ఈ రంపం మీదే పని చేసేవారట. ఒకరోజు మూత ఎత్తి ముక్కలు తీయబోతే, ఆగని బ్లేడు చెయ్యి కోసేసింది. కుడిచేతి వేళ్ళు రెండు అప్పటినుంచీ మడత పడవు. ఆ తర్వాత ఆయన పక్క గదిలో పాలిష్ పనికి మారిపోయారు. షెడ్డులోకి ఎవరు కొత్తగా వచ్చినా పెద్దమేస్త్రి ఆ చెయ్యి చూపించి, "చెవి పెట్టలేదు, అందుకే అలా అయ్యింది" అని చెప్పేవారు. చిన్నమామగారు మారు మాట్లాడకుండా గుడ్డ ముక్క పాలిష్‌లో ముంచుకునేవారు.

పోయిన బ్రష్షులు చివరికి గోడవార నిలబెట్టిన పలకల వెనక దొరికాయి. రెండూ ఒకచోటే, గోనెపట్టా కింద. వాటంతటవి నడిచి వెళ్ళి పడుకోలేదు కదా! కోడలు వాటిని వెలుగులోకి తెచ్చి చూసింది. కర్ర పిడి అంచున ఏదో కొరికినట్టు గాట్లున్నాయి. ఒక బ్రష్షుకి కుచ్చు కూడా ఓ మూల తెగిపోయింది.

"ఎలుక" అని తేల్చేశాడు మొగుడు.

"ఎలుకకి ఇంత తిన్నగా కొరకడం ఎవరు నేర్పారు? కొరికాక పట్టా కప్పడం కూడా నేర్పారా?"

"అబ్బా, మొదలెట్టింది" అని అతను సరుకు దింపడానికి బండేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ప్లగ్గు పీకి, రంపం మూత ఎత్తి, బ్రష్షు మీది గాటుని బ్లేడు పంటి దగ్గర ఆనించి చూసింది. తాళంలో తాళంచెవి దూరినట్టు సరిగ్గా సరిపోయింది. బ్లేడు తిరుగుతుండగానే ఎవరో ఊడుస్తున్నారు. ఈ రంపం ముట్టుకునేది ఒక్క మామగారే. బ్రష్షు పిడికి, ఆయన వేళ్ళకి మధ్య ఉన్న దూరం ఎంతని? ఇవాళ పిడి తెగింది, రేపు తెగేది వేళ్ళే.

ఎందుకిలా జరుగుతోంది? చెవితో చూసే మనిషికి చెవి మందగించిందేమో అనిపించింది. అడిగితే ఒప్పుకునే రకం కాదు. అందుకని ఆయన వెనక నిలబడి చిన్న స్క్రూ ఒకటి పొట్టులో జారవిడిచింది.

"అది తీసి డబ్బాలో వెయ్యమ్మా, కాలికి గుచ్చుకుంటుంది" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

సాయంత్రం షెడ్డు ఆ చివర మొగుడి చెవిలో, "మీ నాన్నగారికి చెవుడు వచ్చిందంటారా?" అని గుసగుసలాడింది.

"ఎవరికే చెవుడు?" అని ఈ చివర్నుంచి కేక వినబడింది. మొగుడు బతుకుజీవుడా అని బయటికి జారుకున్నాడు. ఆమె నాలిక కరుచుకుంది. అయినా మనసులో ప్రశ్న మాత్రం కరగలేదు, ఇంకా గట్టిపడింది. స్క్రూ పడితే వినిపించిన చెవికి అంత బ్లేడు తిరుగుతుంటే వినిపించదా?

మర్నాడు పొద్దున్నే రెండు బ్రష్షులూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వాటిని చూసి, పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నారు.

"మావాడికి చెప్పావా?"

"లేదు మామయ్యా."

"చెప్పకు. నాకు మనుషుల మాటలు వినిపిస్తున్నాయమ్మా. స్క్రూ పడ్డా వినిపిస్తుంది. ఈ రంపం మాటే వినిపించడం లేదు. ఆగిందనుకుని బ్రష్షు పెడితే టక్కున కొరుకుతోంది. ఇది తెలిస్తే నన్ను దీని దగ్గరికి రానిస్తారా? ఓ మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. అంతకన్నా..." అని ఆగిపోయారు. ఆయన గొంతులో భయం విని ఆమెకు జాలేసింది. ఆ ఇంట్లో ఆయన భయపడగా ఎవరూ చూడలేదు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"వానలు తగ్గాక మొదలైంది."

వానలు తగ్గాక అనగానే ఆమె చూపు రంపం అడుగు వైపు పోయింది. వానలు తగ్గాకే కదా తను ఈ రంపానికి బేరింగులు మార్చింది! పాతవి అరిగి గరగరలాడుతుంటే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, కొత్తవి బిగించింది. బెల్టు తీసేసి చేత్తో తిప్పితే బ్లేడు వెన్నలా తిరిగింది. ఆ రోజు తన పనితనానికి తనే మురిసిపోయి మొగుణ్ణి పిలిచి మరీ చూపించింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక షెడ్డులో ఒక్కతే మిగిలింది. ప్లగ్గు పీకి, బ్లేడు మీద మధ్యనుంచి అంచుదాకా సుద్దముక్కతో లావుగా ఒక గీత గీసింది. మూత దించి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, దూరంగా నిలబడింది. స్విచ్చి ఆపగానే కళ్ళు మూసుకుంది. హోరు తగ్గి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయింది. కళ్ళు తెరిచి మూత పక్కనుంచి చూసింది. గీత లేదు. బ్లేడు మీద తెల్లటి చక్రం ఉంది. అంటే తిరుగుతూనే ఉంది, చడీచప్పుడు లేకుండా. పాత బేరింగులైతే ఆగేదాకా గోల పెట్టేవి. కొత్తవి నోరు మూసుకుని ఇంకా ఎక్కువసేపు తిరుగుతున్నాయి.

ఆమె ప్లగ్గు పీకి పీట మీద కూర్చుంది. ఆయన చెవి చెడలేదు. చెవి నమ్ముకున్న చప్పుడుని తనే తీసేసింది. బాగుచేశాననుకుంది గానీ, ఆయన అలవాటు ఏమవుతుందో ఆలోచించలేదు. ఆయన వేళ్ళు తెగి ఉంటే జన్మలో తనని తను క్షమించుకోగలిగేది కాదు.

ఆయన భోంచేసి రాగానే చెప్పేద్దామనుకుంది. కానీ మాటలతో చెబితే కోడలు సర్దిచెబుతోంది అనుకుంటారు. పైగా ఒక్కరికే పరీక్ష పెడితే చిన్నబుచ్చుకుంటారు. పాలిష్ గదిలోకి వెళ్ళి, "చిన్న మామయ్యా, ఒక్కసారి రండి, ఒక ఆట ఉంది" అని పిలిచింది. చిన్నమామగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు గానీ, రంపానికి రెండు బారల దూరంలోనే నిలబడిపోయారు.

"ఇద్దరూ కళ్ళు మూసుకోండి. బ్లేడు ఆగిందని మీ చెవికి తోచగానే చెయ్యెత్తండి. అంతే."

"ఇదేం చిన్నపిల్లల ఆటమ్మా!" అని విసుక్కుంటూనే పెద్దమేస్త్రి కళ్ళు మూసుకున్నారు. తమ్ముడు అంతకు ముందే మూసుకున్నారు. ఆమె స్విచ్చి వేసింది. బ్లేడు ఊపందుకున్నాక ఆపేసింది. హోరు దిగింది, సన్నబడింది, పోయింది.

ఇద్దరి చేతులూ ఒక్కసారే లేచాయి.

"చేతులు అలాగే ఉంచి కళ్ళు తెరవండి."

బ్లేడు మీద తెల్లటి చక్రం తిరుగుతోంది. చూస్తుండగా పలచబడి విసనకర్రలా విచ్చుకుంది, తర్వాత గీత అయ్యింది, ఆ గీత కాస్త ఊగి నిలిచింది. చప్పుడు మాత్రం ఎప్పుడో పోయింది.

"ఓరి దీని దుంపతెగ! ఇంతసేపు తిరుగుతుందా?" అన్నారు పెద్దమేస్త్రి. ఇన్నేళ్ళలో ఆ బ్లేడు ఆగడం ఆయన కంటితో చూడటం అదే మొదటిసారి.

"తప్పు నాది మామయ్యా. నేను బేరింగులు మార్చినప్పట్నుంచే దీనికి చప్పుడు లేదు. మార్చినప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది."

ఆమె తప్పుని ఆయన పట్టించుకోలేదు. మొహం వెలిగిపోయింది. "అయితే నా చెవులు బాగానే ఉన్నాయి! నాకు వినిపించకపోవడం కాదు, దానికే చప్పుడు లేదు!" అంటూ పెద్దగా నవ్వి, ఆ నవ్వు పంచుకోవడానికి తమ్ముడి వైపు తిరిగారు.

తమ్ముడి చెయ్యి ఇంకా పైనే ఉంది. మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, రెండు వేళ్ళు తిన్నగా నిలబడి ఉన్నాయి. తనూ తమ్ముడూ ఒకే క్షణాన చెయ్యెత్తారన్న సంగతి అప్పుడు తట్టింది ఆయనకి. నవ్వు ఆగిపోయింది.

"ఇది కొత్తగా వచ్చినప్పుడూ ఇంతే మెత్తగా ఉండేది అన్నయ్యా" అన్నారు చిన్నమామగారు. "దీనికి ముందున్న పాత మిషన్ ఆగేదాకా గుర్రుమనేది. మనం చెవితో చూడ్డం దాని దగ్గరే కదా నేర్చుకున్నాం. దీనికి గుర్రు తర్వాత వచ్చింది, అరిగాక. నాకు దెబ్బ తగిలింది దీన్ని దింపిన వారంలోనే."

"నువ్వు..."

"చెవి పెట్టాను అన్నయ్యా. చప్పుడు పోయాకే చెయ్యి పెట్టాను. ఆ రోజే చెప్పాను నీకు. అబద్ధాలాడకురా అన్నావు. అమ్మ కూడా నీ మాటే నమ్మింది. పోయేదాకా, నా చిన్నోడికి జాగ్రత్త లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది."

కోడలికి ఎటు చూడాలో తెలియలేదు. స్క్రూ ఎందుకు వదులైంది, బెల్టు ఎందుకు జారింది, బ్రష్షు ఎందుకు తెగింది అని ఊళ్ళో లేని ప్రశ్నలన్నీ అడిగింది. ఈ మనిషిని మాత్రం, ఆ రోజు ఏం జరిగింది చిన్న మామయ్యా అని ఒక్కనాడూ అడగలేదు. అందరిలాగే తనూ ఆ చేతిని చూసి తలాడించి ఊరుకుంది. ఆమెకు సిగ్గేసింది.

పెద్దమేస్త్రి తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కిందికి దించారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. "తప్పు నాదిరా. ఆ రోజు నీ మాట విని, ఒక్కసారి నేనూ ఇలా కళ్ళు మూసుకుని చూసుంటే సరిపోయేది. నిన్ను అందరి ముందూ నిలబెట్టి..." అన్నారు.

తమ్ముడు పోనీలే అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు.

కాసేపటికి బయట బండి ఆగిన చప్పుడైంది. కోయాల్సిన పలక ఇంకా బల్ల మీదే ఉంది. పెద్దమేస్త్రి కండువాతో మొహం తుడుచుకుని, పలక కోసి, స్విచ్చి ఆపారు. అలవాటుగా చెయ్యి బ్రష్షు మీదికి పోయింది, ఆయనే వెనక్కి లాక్కున్నారు. వంగి ప్లగ్గు పీకి, దాన్ని తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టారు.

"నువ్వు చూసి చెప్పరా. అప్పుడు మూత తీస్తాను."

దెబ్బ తగిలాక చిన్నమామగారు మొదటిసారి రంపం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ప్లగ్గుని ఆ చేత్తోనే పట్టుకుని తెల్ల చక్రం వైపు చూస్తున్నారు. సరుకు దింపి లోపలికి వచ్చిన కొడుకు ఏమైందని అడగబోతే, కోడలు ఉండమని సైగ చేసింది. అన్నగారు బ్రష్షు పట్టుకుని, తమ్ముడి మొహం వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇంకా లేదన్నయ్యా" అన్నారు తమ్ముడు. మరి కాసేపాగి, "ఆ, ఇప్పుడు ఆగింది" అన్నారు.