జిడ్డు పట్టిన సీటింగ్ డై

ఒమాన్‌లోని మబేలాలో ఓ షూటింగ్ క్లబ్బులో, పోటీలకు తూటాలు మందు నింపి తయారుచేసే గది బాధ్యత నవీనది. తెలంగాణలోని నిర్మల్ నుంచి వచ్చి ఇక్కడే ఆ పని నేర్చుకుంది. ఆ రోజు గదికి కొత్త పనిముట్లు ఎంచుకోవాలి: పొడవు కొలిచే కాలిపర్ ఒకటి, తూటా మొనను ఇత్తడి గొట్టంలోకి సరైన లోతుకు దింపే సీటింగ్ డై ఒకటి.

వాటిని అమ్మే జయరాముడు సమోసా నములుతూనే లోపలికొచ్చాడు. నూనె వేళ్లతో కాలిపర్ తీసి, దాని మీద రాలిన సమోసా పొడిని ఉమ్మి తడితో తుడిచి ఆమెకు అందించాడు. నవీన దాన్ని గుడ్డతో పట్టుకుని ఒకే తూటాను మళ్లీ మళ్లీ కొలిచింది. కొలిచినప్పుడల్లా వేరే అంకె.

"ఇది ఒక్క లెక్క మీద నిలబడ్తలేదన్నా."

"వెంట్రుకవాసి తేడాకి ఏవైపోద్దమ్మా?" అన్నాడు జయరాముడు.

ఆమె డై డబ్బా విప్పి లోపలికి టార్చి వేసింది. నల్లటి జిడ్డు, అందులో అతుక్కున్న ఎవరిదో వెంట్రుక, ముక్కిన నూనె కంపు. ఎవరో వాడి పడేసినదాన్ని కొత్త డబ్బాలో పెట్టి తెచ్చాడు.

"ఛీ! ఎవల ఎంగిలి ఇది?"

"కడిగితే కొత్తదేనమ్మా," అని అతను పళ్లికిలించాడు.

ఆ మాటలకు పక్క గదిలోంచి మేనేజర్ కమ్రాన్ వచ్చాడు, హైదరాబాద్ మనిషి. "అరే, తీస్కో నవీనా. మనోడే గదా. తుడ్చి వాడుకుందాం."

"లోతు తప్పితే షూటర్ మొహం ముందట పేల్తది భాయ్. మీరు కాలుస్తరా దాంతోని?"

కమ్రాన్ బిల్లు మీద సంతకం పెట్టి జయరాముడి భుజం తట్టాడు. జిడ్డు కన్నా ఆ తట్టడమే నవీనకు ఎక్కువ రోత పుట్టించింది.

"అయితే మీరే నింపుకోన్రి. నేను ముట్ట," అని బయటికి నడిచింది.

కమ్రాన్ పంతానికి పోయి తనే నింపాడు. పోటీ రోజున సవూద్ అనే ఒమానీ షూటర్ తూటాల పెట్టె తెరిచి, "నువ్వే నింపావా?" అని హిందీలో అడిగాడు.

"లేదు. వీటిని నింపిన పనిముట్టు చూస్తేనే నాకు వాంతొస్తుంది," అని హిందీలోనే చెప్పింది నవీన.

సవూద్ పెట్టె మూసేశాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ తమవి పక్కన పెట్టారు. పోటీ ఆగిపోయింది. క్లబ్బు పెద్ద స్వయంగా డైలోకి చూసి, మొహం చిట్లించి, తూటాలన్నీ పనికిరానివిగా పక్కన పెట్టించాడు. పనిముట్లు జయరాముడికి తిరిగి వెళ్లిపోయాయి.

సాయంత్రం కమ్రాన్ నవీనకు సారీ చెప్పి, టీ తెప్పించాడు. ఆమె తాగలేదు.