మంద కట్టిన చేను

చోడినారు పీకాక ఆ పూటే నాటకపోతే వాడిపోతుంది. అందుకే సిమెంటు హద్దురాళ్ళు దింపుతున్న చప్పుడు విన్నా పోతమ్మ నడుమెత్తలేదు. నాలుగో రాయీ తమ చేలోనే పాతుతున్నారని భర్త ఎల్లారావు కేకేశాక లేచింది.

భీమిలి వెనక మెట్టలో ఎకరా పది సెంట్లు. ఎల్లారావు తండ్రికి ప్రభుత్వమిచ్చిన డి-పట్టా. ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా రాగి అంబలికి చోళ్ళు అందులోంచే రావాలి. మధురవాడ అపార్ట్‌మెంట్లు ఇటు పాకేసరికి ఆ నేల లేఅవుటుకు కావాల్సొచ్చింది. సాగు భూమైతే ఒప్పించి తీసుకోవాలట, బంజరైతే ఆ బాధ లేదట. ఇది బంజరని రికార్డయిపోయిందని సర్వేయరు గుణశేఖర్ చల్లగా చెప్పి, ఫోన్లో ఫొటో చూపించాడు.

ఫొటోలో చేను నిండా గొర్రెలు. మధ్యలో నవ్వుతూ ఎల్లారావు!

మే నెలలో తీసిందది. దుక్కికి ముందు పెంటికల ఎరువు, గత్తం కోసం చేలో గొర్రెల మంద కట్టించడం ఈ మెట్టలో ఎవరికి తెలీదు? కాపరికి మూడు కుంచాల చోళ్ళు కొలిచి ఆరు రోజులు కట్టించారు. అప్పుడొచ్చిన ఈ సర్వేయరు సారు ఫొటో తీస్తానంటే ఎల్లారావు మురిసిపోయి, చెదిరిన గొర్రెల్ని అదిలించి దగ్గరకు చేర్చాడు. తాటిముంజెలు కొట్టి పెట్టాడు. ఆ ముంజెలు తిన్న చేత్తోనే ఈ పెద్దమనిషి ‘పశువులు మేసే బంజరు’ అని రాశాడు. ఛీ, ఏం బతుకు!

సంతకం పెడితే ఎక్కడో నూట యాభై గజాల ప్లాటు ఇస్తారనీ, మొండికేస్తే అదీ దక్కదనీ గుణశేఖర్ కాగితం చాపాడు. ఎల్లారావు పెన్ను అందుకోబోయాడు. పోతమ్మ అడ్డం వచ్చింది.

“గొర్రెలెందుకు కట్టేమో నీకు తెల్దా బాబూ?”

తెలుసనీ, తన తండ్రిదీ పాలకొండ వైపు వ్యవసాయమేననీ, రాసింది మాత్రం మారదనీ అతను చూపు తిప్పుకున్నాడు.

“తెలిసే రాసేవన్నమాట. ప్లాటులో సోళ్ళు పండుతాయేటి? నాను సంతకం ఎట్టను. ఈ మావనీ ఎట్టనివ్వను.”

వంగి నాలుగో రాయి పట్టుకుంది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి మట్టితో సహా ఊడొచ్చింది. ఆ గుంతలో గత్తం కలిసిన మట్టి నల్లగా ఉంది. పోతమ్మ కట్టలోంచి నాలుగు చోడి మొక్కలు తీసి అందులో నాటి, వేళ్ళతో మట్టి అదిమింది. తర్వాత గుణశేఖర్ వైపు చూసింది.

“ఇప్పుడు తియ్యి బాబూ, ఫొటో.”

అతని ఫోను చేతిలోనే ఉంది. ఎత్తలేదు. ఎల్లారావు గట్టు దిగి మూడో రాయి వైపు నడిచాడు.