ఒడ్డు లేని బొమ్మలు

అమెరికాలోని ఒక బీమా కంపెనీ రెండువేల సంవత్సరానికి గోడ క్యాలెండర్ కావాలంది. నెలకొక తుఫాను చొప్పున పన్నెండు బొమ్మలు, అన్నీ అంతరిక్షంలోంచి తీసినవే. ఆ పని హైటెక్ సిటీలోని ఒక చిన్న ఆఫీసుకు వచ్చింది. ఉపగ్రహం పంపిన ముక్కల్ని అతికించి, మచ్చలు తుడిచి, రంగులు సరిచేసే పని సెలీనాది. ఆమెది కాకినాడ దగ్గర ఒక జాలరిపేట. ఏడాదిన్నరగా బోరబండలో అద్దెగదిలో ఉంటోంది.

పదకొండు బొమ్మలు పూర్తయ్యాయి. అక్టోబరు ఆఖరి శనివారం మేనేజరు భీమేశ్వరరావు అందరినీ ఒక గదిలోకి పిలిచి లైట్లు ఆర్పించాడు. ముందురోజు ఒరిస్సాను కొట్టిన తుఫాను తెర మీద కనిపించింది. తెల్లటి సుడి, నడుమ నల్లటి కన్ను. ఎవరో చప్పట్లు కొట్టారు. నిరుడు హోండురాస్‌ను ముంచినదాని కంటే దీని కన్నే గుండ్రంగా ఉందని ఒకరు, కాదని ఇంకొకరు సమోసాలు తింటూ వాదించుకున్నారు. సెలీనా తన సమోసా పక్కకు జరిపేసింది. అక్కడ ఎందరు పోయారో ఇంకా తెలియడం లేదని పొద్దున్నే రేడియోలో విన్నది.

భీమేశ్వరరావు నూనె చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఇదే మొదటి పేజీ. కింద ఒడ్డు కనపడి మురిగ్గా ఉందమ్మా. మిగతావాటిలో తీసినట్టే తీసేయండి."

తీసేయడం ఆమెకు కొత్త కాదు. పక్కనున్న మబ్బునో నీళ్లనో తెచ్చి నేల మీద కప్పితే ఊళ్లు పోతాయి. పావుగంట పని. కానీ సీటుకు వచ్చాక చెయ్యి కదల్లేదు. మిగతావాటిలో ఏమేం తీసేసిందో చూద్దామని, తుడవకముందు దాచిన చిన్న నమూనా ఫైళ్లు తెరిచింది. వాటికి పేర్లు లేవు, తేదీలే. జూన్ పేజీ తేదీ: తొంభై ఆరు, నవంబరు ఆరు.

నిలువు పేజీలో సుడి పట్టాలని బొమ్మను ముందే పక్కకు తిప్పి ఇచ్చారు. అందుకే గుర్తుపట్టలేదు. ఇప్పుడు తిప్పి చూసింది. గోదావరి పాయలు, కోరింగ మడ అడవుల వంపు. ఆ సాయంత్రం అన్నయ్య బుల్లిబాబు సముద్రం మీద చేపల వేటలో ఉన్నాడు. ఎనిమిదో రోజున మడల్లో దొరికితే, లుంగీ చూసి అమ్మ గుర్తుపట్టింది. ఆ మడల్నే పదిహేను రోజుల కిందట తను చెవుల్లో పాట పెట్టుకుని తుడిచేసింది. తన వేళ్లంటే తనకే రోత పుట్టింది. బాత్రూములోకి పరిగెత్తి వాంతి చేసుకుంది.

బయటికి వచ్చేసరికి పక్క సీటు మొగిలి నీళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వరంగల్ మనిషి, ఆమెకంటే పదేళ్లు పెద్ద. ఏమైందో అంతా విన్నాడు. "అసలు పెద్ద బొమ్మలు నా కాడ ఉన్నయి. ఒడ్డు మళ్ల పెడదాం పా," అన్నాడు.

చీకటి పడేలోగా పన్నెండింటికీ ఒడ్డు తిరిగి వచ్చింది. ఒక్కో బొమ్మ కింద తేదీ, దెబ్బతిన్న ఊళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో సెలీనా చేర్చింది.

సోమవారం భీమేశ్వరరావు వాటిని చూసి ఆమెను పిలిచాడు. ఒడ్డు పెట్టమని ఎవరు చెప్పారని అడిగాడు.

"మీది కోనసీమే కదండీ సర్. తొంభై ఆరు తుఫాను రోజు మీవాళ్లు ఎక్కడున్నారండీ?"

"మేడ మీద. కొబ్బరి తోట మొత్తం పోయింది." ఆయన గొంతులో కోపం లేదు, విసుగే ఉంది. "అయితే ఏంటమ్మా? గోడకు తగిలించుకునేదాని మీద చచ్చినవాళ్ల ఊళ్లు ఎవరికి కావాలి?"

"నేను తుడవనండి," అంది సెలీనా.

ఆయన ఇంకొకరితో తుడిపించి పంపించాడు. సెలీనా ఆ వారమే మానేసి కొత్తగూడలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరింది. మొగిలికి ఇద్దరు పిల్లలు, మానడం కుదరలేదు. డిసెంబరులో అచ్చయిన క్యాలెండర్ ఒకటి తీసుకుని సిగ్గుపడుతూ ఆమె గదికి వచ్చాడు. అమెరికావాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారట.

ఆమె జూన్ పేజీ తీసి చూసింది. కోరింగ ఉండాల్సిన చోట నున్నటి నీలం, మెరుస్తోంది. ముడతలు పడకుండా మళ్లీ చుట్టి అతని చేతికే ఇచ్చేసింది. అతను వెళ్లాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.