భుజం మీద బొడిపె

అత్తయ్యను మంచం మీంచి లేపాలంటే ముందు ఆవిడ మోకాళ్లు మడవాలి. ఒక చెయ్యి వీపు కింద, ఇంకోటి తొడల కింద పెట్టి మెల్లగా పక్కకు తిప్పాలి. పాదాలు నేలకు ఆనాక, నా నడుం పట్టుకోమని చెప్పి పైకి తేవాలి. మూడేళ్లపాటు రోజుకు ఆరేడుసార్లు చేశాను. మా ఆయన ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాడు. అయినా మధ్యాహ్నం నేను పనిచేసే లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే నాకు ఫోన్ వచ్చేది. "అమ్మ లేవాలంటోంది, ఒక్కసారి వచ్చి పో." రెండు వీధుల అవతలే ఇల్లు. "మళ్లీ పిలుపొచ్చిందా?" అని మా లైబ్రేరియన్ కళ్లజోడు పైనుంచి చూసేవాడు. నేను తప్పు చేసినదానిలా నవ్వి పరుగెత్తేదాన్ని.

ఓ ఆదివారం పొద్దున బాత్రూమ్‌లో అత్తయ్య కాలు జారింది. పడిపోకుండా నా వైపు లాక్కున్నాను. ఇద్దరం పడ్డాం, ఆవిడ నా మీద, నేను ఎడమ భుజం మీద. కళ్లు బైర్లు కమ్మాయి. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, దెబ్బేమైనా తగిలిందా?"

అమ్మకేం తగల్లేదు. "హమ్మయ్య" అని నావైపు తిరిగి, "సరే, మెల్లగా లేపు" అన్నాడు.

లేపబోతే నా చెయ్యి లేవలేదు. అప్పుడు గానీ ఆయన నా మొహం చూడలేదు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. "గూడు జారిందా? ఒక్క లాగు లాగితే కూర్చుంటుంది కదండీ?" అని ఆయన డాక్టరమ్మను అడిగాడు.

"గూడు జారలేదు, లాగడానికేం లేదు" అందామె. "కాలర్ బోన్‌ని భుజానికి కట్టి ఉంచే లిగమెంట్లు తెగాయి. ఆ పట్టు పోయేసరికి చెయ్యి బరువుకు భుజం కిందికి దిగింది. అందుకే ఎముక కొస పైకి లేచినట్టు కనిపిస్తోంది. ఈమెకు ఆపరేషన్ అక్కర్లేదు. మూడు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే. మొదట్లో ఐస్, తర్వాత నేను చెప్పే కసరత్తులు. మూడు నెలలదాకా బరువులు ఎత్తకూడదు. బొడిపె మాత్రం ఉండిపోవచ్చు."

"కుడిచెయ్యి వాడొచ్చుగా?"

"వాడొచ్చు. మీకెన్ని చేతులున్నాయి?"

ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు. నేను ఎక్స్‌రేనే చూస్తున్నాను. ఎముక లేవలేదట, భుజమే కుంగిందట.

ఆ సాయంత్రం ఐస్ సంచి భుజానికి అదుముకుని కుర్చీలో కూర్చున్నాను. లోపల్నుంచి "అమ్మాయ్, బాత్రూముకి" అన్న పిలుపు. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. మూడేళ్ల అలవాటు మరి! "నీ అంత ఒడుపుగా ఇంకెవరు చేస్తారు?" అని ఆయన, "కన్నకూతుర్ని, నేనైనా ఇంత చెయ్యలేను" అని ఆడపడుచు, వచ్చినప్పుడల్లా అనేవాళ్లు. ఆ మాటలకు మురిసిపోయేదాన్ని. ఆ మెచ్చుకోలుతోనే నన్ను ఆ మంచానికి కట్టేశారని, కట్టుకు చెయ్యి అందించింది నేనేనని అప్పుడు తట్టింది. కాళ్లను వెనక్కి లాక్కున్నాను.

"అమ్మకు మొహమాటంగా ఉంటుందే. ఆడవాళ్లైతే..." అని నసిగాడు ఆయన.

"ముందు మోకాళ్లు మడవండి" అన్నాను కుర్చీలోంచే. "ఒక చెయ్యి వీపు కింద. అలా గుంజకండి, మనిషావిడ."

చెమటలు కక్కుతూ లేపాడు. అత్తయ్య ఏడ్చింది. "కొడుకు చేత ఈ చాకిరీ చేయించుకునే రోజొచ్చిందా?"

"కోడలి చేత మూడేళ్లు చేయించుకున్నారు కదా అత్తయ్యా" అన్నాను. నా గొంతు అంత నెమ్మదిగా ఉన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఆవిడ ఏడుపాపి కొడుకు నడుం పట్టుకుంది.

రెండోవారం పొద్దున ఆయన నడుం పట్టేసిందని మూలిగాడు. "ఐస్ పెట్టుకోండి, ఫ్రిజ్‌లో ఉంది" అన్నాను. ఆ నెల చివర అత్తయ్య నా చెవిలో, "వీడి పట్టు గట్టిదేనే! ఇన్నాళ్లూ ఈ చేతులు ఎక్కడ దాచాడో" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నేళ్ల తర్వాతో.

స్లింగ్ తీశాక గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజుకు అంగుళం చొప్పున చెయ్యి పైకి తెచ్చుకున్నాను. నొప్పికి కళ్ల నీళ్లు తిరిగేవి. మానలేదు. ఇంట్లో నాకోసమని చేసుకున్న మొదటి పని అది.

మూడు నెలలకు డాక్టరమ్మ నా చెయ్యి పూర్తిగా ఎత్తించి చూసి, "బాగా పట్టుబట్టి చేశావమ్మా" అంది. చర్మం కింద బొడిపె అలాగే ఉంది.

"అయితే ఇక పనులన్నీ మునుపటిలా చెయ్యొచ్చా డాక్టర్?" అని అడిగాడు మా ఆయన ఆత్రంగా.

"చెయ్యొచ్చు."

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని నావైపు చూశాడు.

"పొద్దుట అత్తయ్యను నేను లేపుతాను" అన్నాను. "మధ్యాహ్నం, సాయంత్రం మీరే. నా భుజం ఎంత బాగున్నా సరే."