కోల్డ్ స్టోరేజీలో ఓపిక

"టీ పెట్టు, డబ్బు సంగతి మాట్లాడుకోవాలి," అన్నాడు ముస్తాక్.

డబ్బు జోహరాబీది. సింగరాయకొండ దగ్గర తండ్రి మాబు సాహెబ్ పొలం అమ్మితే ఆమె వాటాకి వచ్చింది. బ్యాంకులో ఆమె పేరునే ఉంది. అయినా మాట్లాడేది ఇద్దరు మగవాళ్ళు, టీ పెట్టేది ఆమె. లోకంలో కొన్ని పనులు ముందే పంచేసి ఉంటాయి, మనం మళ్ళీ కష్టపడక్కర్లేదు.

రెండో మగవాడు రహమాన్, ముస్తాక్ అక్క కొడుకు. ఊళ్ళోవాళ్ళ డబ్బు మ్యూచువల్ ఫండ్లలో పెట్టించడం అతని ఉద్యోగం. నెలకింత అని కడుతూ పోవాలనీ, ఇరవై ఏళ్ళు దాన్ని ముట్టుకోకూడదనీ చెప్పుకొచ్చాడు.

"మార్కెట్టన్నాక పడుద్ది, లేసుద్ది. పడ్డప్పుడు బెదిరి బయటికి రాకూడదత్తా. ఓపిక పడితే లాభం నీదే."

జోహరాబీ చేతిలో గ్లాసు ఆగింది. ఈ మాటలు ఆమెకు కొత్త కాదు. నిఖా అయిన మూడో నెలలో ముస్తాక్ మొదటిసారి చెయ్యి చేసుకున్న రోజు, అత్తగారు దెబ్బకి పసుపు అద్దుతూ అచ్చం ఇవే చెప్పింది. మగాడి కోపం లేస్తుంది, పడుతుంది, మధ్యలో పుట్టింటికి పోకూడదు, ఓపిక పడితే సంసారం నీదే అని. ఇరవై ఆరేళ్ళు కట్టింది ఓపిక, ఒక్క నెల తప్పకుండా. తీరా చేతికొచ్చిందేమిటంటే, మిరపకాయల తొడిమలు తీసి తీసి నీళ్ళు తగిలినా భగ్గుమనే వేళ్ళు. పైగా "ఇంట్లో కూర్చునేదానివి నీకేం తెలుసే" అన్న బిరుదు.

మిరప సంగతీ అంతే అయింది. రేటు లేస్తుందని ముస్తాక్ ఎనభై టిక్కీలు, అంటే ఎనభై బస్తాల కాయ, రెండేళ్ళపాటు కోల్డ్ స్టోరేజీలో ఉంచాడు. ఆ కాయలు ఏరిందీ, తాలు వేరుచేసిందీ ఆమే, బయటి కూలీకైతే డబ్బులివ్వాలి గదా. రేటు లేవకపోగా జారింది, కాయ రంగు తిరిగింది. స్టోరేజీ ఓనరు మాత్రం టిక్కీకింత అని అద్దె ముక్కుపిండి తీసుకున్నాకే గేటు తీశాడు. ఆ రోజు మిర్చి యార్డులో అమ్ముకుని వచ్చి ముస్తాక్ మంచమెక్కి పడుకుంటే, అన్నం వడ్డిస్తూ జోహరాబీ అనుకుంది, గెలిచింది ఓపిక పట్టినవాడు కాదు, చోటున్నవాడు అని.

"నేను మంగళగిరిలో రెండు పోర్షన్ల ఇల్లు చూశా. అద్దెకిస్తా," అంది.

ముస్తాక్ నవ్వాడు. రహమాన్ నవ్వలేదు, జాలిపడ్డాడు.

"అద్దె ఇల్లంటే తలనొప్పత్తా. కుళాయి కారుద్ది, మోటరు కాలిపోద్ది, సున్నాలు ఎయ్యాల. అన్నీ నువ్వే చూసుకోవాల."

"ఇక్కడ చూసేదెవర్రా? అద్దె రావటం ఒక్కటే కొత్త."

ముస్తాక్ గ్లాసు కింద పెట్టాడు. "ఆడదానికి ఇల్లెవడు అమ్ముతాడే? ముందు మొగుడేడని అడుగుతాడు."

"అడిగాడు. పోయిన మంగళవారం."

బ్రోకరు ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు, మీవారు రాలేదా అమ్మా అని. మూడోసారికి ఆమె అడ్వాన్సు బల్లమీద పెట్టి, రసీదులో తన పేరు తనే చదువుకుని మరీ తెచ్చుకుంది. ఆ మాటే చెప్పింది. రిజిస్ట్రేషన్ కాగానే కింది పోర్షన్లోకి ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలు ముగ్గురు దిగుతారనీ చెప్పింది.

"పైది?" అన్నాడు రహమాన్.

"నేనుంటా."

ఎందుకు పోతున్నావే అని అడుగుతాడేమోనని ఆమె ఒక్క నిమిషం ఆగింది. ఆ మాట అడిగితే ఏం చెప్పాలో కూడా ఆమె ఇంకా అనుకోలేదు.

ముస్తాక్ అడిగింది అది కాదు. "మరి నాకు వండేదెవరు?"

జోహరాబీ గ్లాసులు తీయలేదు. కుర్చీ లాక్కుని వాళ్ళ పక్కనే కూర్చుంది.

"మీరూ వచ్చి ఉండొచ్చండి. ఓనర్లు సవాలక్ష కండిషన్లు పెడతారు, నాది ఒకటే. వండుకుని తినేవాళ్ళకే ఇస్తన్నా."