నేను రాసిన భోజనాలు

ఆసుపత్రిలో ఆహారం గురించి సలహాలిచ్చే అమ్మాయి ఆ నోటుపుస్తకాన్ని మా చెల్లెలికి కాకుండా నాకు ఇచ్చింది. నేను బడిలో పాఠాలు చెబుతానని తెలిసి, "అయితే మీరే రాయండి మేడమ్. మీరైతే సరిగ్గా రాస్తారు," అంది. ప్రతి పూటా ఏం తిన్నదీ, ఎంత వదిలేసిందీ రాయాలి.

చెల్లెలికి పేగులో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. నయం కాదని డాక్టరు దాచకుండానే చెప్పాడు. మందు పనిచేస్తే ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో బతుకుతుంది. ఆ మందును తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. బరువు నలభై రెండు కిలోల కంటే తగ్గితే మందు ఆపేయాల్సి వస్తుందన్నాడు. మా ఇల్లు ఆసుపత్రికి దగ్గర కాబట్టి దాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. వచ్చిన రోజు దాని బరువు నలభై ఎనిమిది.

"పాలు, గుడ్లు, వెన్న, చక్కెర, ఏది సహిస్తే అది పెట్టండి," అంది ఆ అమ్మాయి. "రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా. పథ్యాలు మాత్రం వద్దు."

తలూపి, ఇంటికొచ్చి పథ్యం మొదలుపెట్టాను.

చక్కెర మానేస్తే గడ్డ తిండి లేక మాడిపోతుందని స్టాఫ్‌ రూములో చేతులు మారుతున్న ఒక చిన్న పుస్తకంలో చదివాను. నిజమా కాదా అని ఎవరినీ అడగలేదు. డాక్టరు చెప్పినదాంట్లో నేను చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఈ పుస్తకంలో అంతా నేను చేయవలసిందే ఉంది. అందుకే నచ్చింది. పాలు, గుడ్లు, మాంసం, చక్కెర అన్నీ మానిపించాను. ఉడికించిన కూరగాయలు, ఆకుల రసం, ఉప్పు లేని సూపు పెట్టేదాన్ని.

చెల్లెలు బట్టలు కుట్టేది. దాని నోరూ కత్తెరలాంటిదే. "అక్కా, గడ్డ సంగతేమో గానీ ముందు నేను పోయేట్టున్నాను. ఒక్క చెంచా చక్కెర వెయ్యి. వెనక బెంచీ పిల్లననుకుని చూసీ చూడనట్టు వదిలెయ్."

"నోరు మూసుకుని తాగు."

"మూసుకుంటే ఎలా తాగుతాను టీచరమ్మా?"

చెల్లెలి భర్త, మా మరిది, బస్సు డ్రైవరు. సెలవు దొరికినప్పుడల్లా క్రీము బిస్కెట్లు పట్టుకుని వచ్చేవాడు. గుమ్మంలోనే ఆ పొట్లం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని.

"తను అడుగుతోంది వదినా," అన్నాడు ఒకసారి.

"అడిగినవన్నీ పెడితే రోగం పోతుందా?"

"నాకేం తెలుసు? మీరు చదువుకున్నవాళ్లు," అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు.

మొదటివారం నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆ అమ్మాయి ప్రతి రోజు పక్కనా ఎర్ర పెన్నుతో 'చాలదు' అని రాసి ఇచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ సిరా నా చేతిలో ఉంది. అది నా రాత మీద పడటం మాత్రం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది. రెండోవారం నుంచి చెల్లెలు తిన్నది రాయడం మానేసి, తినవలసింది రాశాను. ఉదయం రెండు గుడ్లు, గ్లాసెడు పాలు. పదకొండింటికి అరటిపండు. మరీ బాగా రాస్తే అనుమానం వస్తుందని పిల్లల హోంవర్కులు దిద్దిన అనుభవంతో నాకు తెలుసు. అందుకని అక్కడక్కడా 'సగం వదిలేసింది' అని కూడా చేర్చాను.

ఆ వారం 'చాలా బాగుంది' అని వచ్చింది. అది చూసి సంతోషపడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బరువు నలభై ఆరయింది, తర్వాత నలభై నాలుగయింది. నలభై మూడుకు వచ్చేసరికి ఆ అమ్మాయి పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఇంత తింటున్నా చిక్కిపోతోందంటే లోపల ఏదో అడ్డు పడుతోందని, గొంతులోంచి గొట్టం దించి చూడాలని తేల్చారు.

పరీక్ష గది ముందు బల్ల మీద కూర్చున్నాం. చెల్లెలు పొద్దుపోక నా సంచిలోంచి ఆ పుస్తకం తీసి తిరగేసింది.

"అక్కా, మంగళవారం నేను కోడిమాంసం తిన్నానట! ఎలా ఉంది? ఉప్పు సరిపోయిందా?" పేజీ తిప్పింది. "అబ్బో, కేకు కూడానా! పైగా సగం వదిలేశానట. నాకెంత పొగరు!"

పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పరీక్ష గది తలుపు వైపు చూసి ఆగిపోయింది.

"ఈ గొట్టం దీనివల్లేనా?"

పుస్తకం దాని చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టేశాను.

"వెళ్లి చెప్పెయ్ అక్కా. ఇప్పుడే చెప్పెయ్. నాకు భయమేస్తోంది."

లేచి వెళ్లాను. ఆ అమ్మాయి తన గదిలో కొత్తగా చేరిన ఇద్దరికి పని చూపిస్తోంది. నన్ను చూడగానే, "ఈ మేడమే. ఈవిడ రాసినంత శ్రద్ధగా ఇక్కడ ఎవరూ రాయరు," అంది. ఆ ఇద్దరూ నాకు నమస్కారం పెట్టారు. నేనూ పెట్టి వెనక్కి వచ్చేశాను.

"అడిగాను. తప్పదన్నారు," అన్నాను చెల్లెలితో.

అది నా మొహంలోకి చూసింది. అబద్ధమని దానికి తెలిసిపోయింది. పైట సర్దుకుని లోపలికి వెళ్లింది. అది ఓకరించడం ఇరవై నిమిషాలపాటు బయటికి వినిపించింది.

లోపల ఏ అడ్డూ లేదని తేలింది. మర్నాడు ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని, చెల్లెలు వింటుండగానే, రాసినవన్నీ నా కల్పన అని చెప్పాను. ఆ అమ్మాయి తన పెన్నుకు మూత పెట్టేసింది. చెల్లెలి వైపు తిరిగి, "మీకేం తినాలనుందమ్మా?" అని అడిగింది.

"నెల కిందట అడగాల్సింది తల్లీ. అప్పుడు చాంతాడంత చెప్పేదాన్ని."

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. చెల్లెలు సగం బిస్కెట్టు కొరికి, నోరంతా చేదుగా ఉందంటూ పక్కన పెట్టేసింది. పాలు పెట్టాను, గుడ్లు పెట్టాను. ఏదీ సహించలేదు. మరుసటి వారానికి నలభై ఒకటికి వచ్చింది. మందు ఆపేశారు. ఆరు వారాలకు పోయింది.

ఏం పెట్టినా ఇంతే అయ్యుండొచ్చన్నాడు డాక్టరు. ఉండొచ్చు. కానీ అది అడిగిన చక్కెర మాత్రం నేను పెట్టలేదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ మరిది, "మా వదిన కంటికి రెప్పలా చూసుకుంది," అనేవాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. రెండు నెలలు అలా గడిచాక ఇక ఓర్చుకోలేక బస్టాండుకు వెళ్లాను. బస్సు బయల్దేరడానికి ఇంకా పది నిమిషాలుంది. ముందు చక్రం పక్కన నిలబడి అతనికి మొత్తం చెప్పాను. పుస్తకం గురించి, గొట్టం గురించి, తప్పదన్నారని నేనన్న మాట గురించి.

అతను అద్దం తుడుస్తున్న గుడ్డను మడత పెట్టాడు.

"తనకి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడు?"

"గొట్టం వేసిన రోజే."

"ఆ రోజు కూడా ఫోన్ చేసింది వదినా. అక్క బాగా చూసుకుంటోంది, నువ్వు దిగులు పెట్టుకోకు అంది. పోయేదాకా అదే మాట." గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. "నాకు తెలియకూడదనే కదా తను చెప్పలేదు. మరి మీరెందుకు చెప్పారు?"

నా మనసు తేలికపడాలని. ఆ మాట పైకి అనలేకపోయాను.

కండక్టరు ఈల వేశాడు. మరిది మెట్టెక్కి, వెనక్కి తిరగకుండానే, "ఎక్కండి. మీ వీధి మీదుగానే వెళ్తుంది," అన్నాడు.

నడిచి వెళ్తానన్నాను. అతను రెండోసారి అడగలేదు.