మర పళ్ళు, మన పళ్ళు

మైకులో మేనేజరు గారు "ఇంధన భద్రతే మన ధ్యేయం!" అన్నారు. పక్కనే మిల్లు రొద. ఆ రొదలో గరిటె మామ చెవిలో పడింది మాత్రం "ఈ దిన భత్యం". అంతే, చేతిలో గరిటె బల్లమీద పడేసి చప్పట్లు కొట్టాడు. వంటాయనే కొడుతున్నాడంటే ఏదో ఉందనుకుని కాంటీనంతా అందుకుంది.

"దేనికి మామా చప్పట్లు?" అన్నాడు స్టోరు గుమస్తా.

"ఇవాళ భత్యం ఇస్తారటగా!"

"భత్యం కాదు మామా, భద్రత! మొక్కజొన్నతో ఇంధనం తీస్తున్నామని సారు చెప్పుకుంటున్నారు."

మేనేజరు గారికి ఉద్యోగంలో చేరాక ఇవే తొలి చప్పట్లు. ఆయన పొంగిపోయారు. పక్కన తనిఖీకి వచ్చిన ఆహారశాఖ అధికారిణి కూర్చునుంది. ఆవిడ వైపు తిరిగి గొంతు పెంచారు.

"జనాభా పెరిగిపోతోంది మేడమ్. నోళ్ళు తగ్గాలి. అయినా మా దగ్గర మనుషులకే మొదటి వంతు! మేలైన గింజ కార్మికుల కంచంలోకి, మిగిలిందే మిల్లులోకి!"

"సారింట్లో నోళ్ళు నాలుగు, కార్లు మూడు. మా ఇంట్లో నోళ్ళు ఏడు, కార్లు సున్నా. పంటంతా ఎవరు తింటున్నట్టు?" అని గొణిగాడు మామ.

"ష్! చేరి నాలుగు రోజులు కాలేదు, ఊడగొట్టుకుంటావా?" అన్నాడు గుమస్తా.

మామ నోరు మూసుకున్నాడు. కోడలికి నెలలు నిండాయి. ఎనిమిదో నోరు దారిలో ఉంది. ఈ గరిటె జారితే ఇంట్లో పొయ్యి వెలగదు.

మొక్కజొన్న జావ వడ్డించాడు. అధికారిణి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "బాగుందే! ఒక్క రాయి లేదు!" అంది. కార్మికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోజూ ప్రతి బల్ల దగ్గరా వినపడే కటక్కుమనే చప్పుడు ఇవాళ ఎక్కడా లేదు.

అంతలో ఆ చప్పుడు మిల్లులో వినపడింది. కటక్. కటకటక్. ఆ పైన కీచుమని పెద్ద కేక. తర్వాత నిశ్శబ్దం.

మేనేజరు గారు పరుగెత్తి వెళ్ళి, గుప్పెడు రాళ్ళతో తిరిగొచ్చారు.

"మర పళ్ళు రెండు విరిగాయి! విదేశాల నుంచి తెప్పించాలి! ఎవడిదీ పని?"

"మావి విరిగితే ఎక్కణ్ణుంచి తెప్పిస్తారు సారూ?" అన్నాడు వెనక బల్లమీది బోసినోటి ఫిట్టరు. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు.

హమాలీలు వేలెత్తి మామను చూపించారు. "ఏ కుప్ప మిల్లుకని అడిగితే ఈయనే చెప్పాడు."

"నువ్వు రేపట్నుంచి..." అంటూ మేనేజరు గారు చెయ్యెత్తారు.

"ఆయన్ని చెప్పనివ్వండి," అంది అధికారిణి.

మామ గరిటె రెండు చేతులా పట్టుకున్నాడు. "రోజూ గుమస్తా బాబే బస్తాలు వంటింటికి పంపేవాడమ్మా. మూడు రోజులుగా రాళ్ళే ఏరుతున్నా, ఏదో పాడు సరుకు వచ్చిందిలే అనుకున్నా. ఇవాళ గుమస్తా బాబు మీకు స్వాగతం బోర్డు కట్టే పనిలో ఉన్నాడు. ఆవరణలోకి నేనే వెళ్ళా. ఒక కుప్ప జల్లెడ పట్టి, బంగారంలా మెరుస్తోంది. ఇంకోటి రాళ్ళు, పుల్లలు, పురుగులు. శుభ్రంగా ఉన్నది మనుషులకనుకున్నా. రాళ్ళది మరకనుకున్నా. దానివి ఇనప పళ్ళు కదా, నములుతుందిలే అని!"

గుమస్తా తల దించుకుని, "తిరకాసు అదేనమ్మా. జల్లెడ పట్టింది మరకి. జల్లెడలో మిగిలింది కాంటీనుకి. మొదట్నుంచీ అంతే. మామకి ఎవరమూ చెప్పలేదు," అన్నాడు.

"నాకు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు మామ.

అధికారిణి మేనేజరు గారి వైపు తిరిగింది. "మేలైన గింజ ముందు కంచంలోకి అని ఇందాకే కదండీ అన్నారు? చప్పట్లు అందుకుని మరీ!"

ఎత్తిన చెయ్యి దించడానికి చోటు లేక మేనేజరు గారు దాన్ని మామ భుజం మీద వేశారు. "అవును... మా విధానమే. ఇతను సరిగ్గా పాటించాడు."

"అయితే సారూ," అన్నాడు మామ, ఆ చెయ్యి బరువు కిందనుంచే, "రేపు వంటకి ఏ కుప్ప?"

అధికారిణి కలం మూత తీసింది. కార్మికులందరూ మేనేజరు గారి నోటికేసి చూశారు.

"జల్లెడ పట్టిందే," అన్నారాయన, పళ్ళ బిగువున.